క్యోటో, నారాలలో శని, ఆదివారాలు: శాకాహారి విద్యార్థిని ఏం చూడాలి, ఏం తినాలి?

కృష్ణాతరంగం

విద్యార్థుల మార్పిడి పథకం కింద ఈ సెప్టెంబరులో జపాన్ వచ్చి, నగోయాలోని ఒక విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నాను. నవంబరు మూడో వారం చివర రెండు రోజులు తీరిక దొరికింది కాబట్టి క్యోటో, నారా చూసి రావాలని ఉంది. తోటి విద్యార్థులు రాసి ఇచ్చిన జాబితాలో బంగారు మండపం కింకకుజి, కియోమిజు ఆలయం, ఫుషిమి ఇనారి కొండ గుడి, అరాషియామా వెదురుతోపు, నిషికి బజారు, నారా పెద్ద బుద్ధుడు, అక్కడి జింకలు, చివరగా ఒసాకాలోని దోతొన్‌బోరి వీధి ఉన్నాయి. రెండు రోజుల్లో ఇవన్నీ చూడగలమా అన్నది నా మొదటి సందేహం.

రెండోది తిండి గురించి. నేను మాంసం, చేప, గుడ్డు ముట్టను. పాలు, పెరుగు తీసుకుంటాను. ఇక్కడ హాస్టల్లో నా వంట నేనే చేసుకుంటున్నాను కాబట్టి ఇబ్బంది లేదు. కానీ ప్రయాణంలో కూడా బ్రెడ్డు, అరటిపండ్లతో సరిపెట్టుకుంటే ఆ ఊళ్ల రుచి తెలియకుండానే తిరిగి వస్తాను. స్థానికులు తినేదే నేనూ తినాలని కోరిక. అది శాకాహారికి సాధ్యమేనా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

నగోయా_నివాసి

ముందు ప్రయాణం సంగతి తేల్చుకోండి. నగోయా నుంచి క్యోటోకు బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌లో 35 నిమిషాలు. హైవే బస్సు చాలా చౌక, కానీ రెండున్నర గంటలు పడుతుంది. మీరు వెళ్లే వారం క్యోటోలో ఎర్రబారిన ఆకులు చూసేందుకు జనం వెల్లువెత్తే వారం కాబట్టి రోడ్డు మీద ఆ రెండున్నర గంటలు పెరిగే అవకాశం ఉంది. డబ్బు ఆదా చేయాలనుకుంటే వెళ్లేటప్పుడు తెల్లవారుజామున బస్సు ఎక్కి, సోమవారం తరగతి ఉంటుంది కాబట్టి తిరుగు ప్రయాణానికి మాత్రం రైలు ఎంచుకోండి.

బస కూడా ఇప్పుడే చూసుకోవాలి. ఆ వారంలో క్యోటో గదుల అద్దెలు విద్యార్థికి అందవు. రైల్లో పది నిమిషాల దూరంలో ఉన్న ఓత్సులో గానీ నారాలో గానీ గది తీసుకోండి.

ఒసాకా_బాటసారి

జాబితా మొత్తం పూర్తవుతుంది, భయపడకండి. శనివారం క్యోటో, ఆదివారం ఉదయం నారా, సాయంత్రం ఒసాకా. నారా నుంచి కింతెత్సు రైలు నేరుగా ఒసాకా నంబాకు 40 నిమిషాల్లో చేరుస్తుంది. క్యోటో వాళ్లు బట్టలకు, ఒసాకా వాళ్లు తిండికి ఆస్తులు కరగబెట్టుకుంటారని ఇక్కడ సామెతే ఉంది. తాకొయాకి, ఒకొనొమియాకి తినకుండా కన్సాయ్ ప్రాంతం చూశానని చెప్పుకోవడం కష్టం.

వేపచెట్టు

ఒసాకా_బాటసారి గారూ, ప్రశ్న అడిగినావిడ శాకాహారి. తాకొయాకి లోపల ఉండేది ఆక్టోపస్ ముక్క, పైన చల్లేది ఎండుచేప పొరలు. ఒకొనొమియాకి పిండిలోనే గుడ్డు కలుపుతారు. రుచి చూడడానికి వీల్లేని వీధి కోసం నారాలో సాయంత్రాన్ని వదులుకోమనడం న్యాయం కాదు.

ఒసాకా_బాటసారి

ఆ మాట నిజమే, ఆహారం విషయంలో నా సూచన ఆవిడకు వర్తించదు. అయినా దోతొన్‌బోరి కాలువ మీద దీపాలు చూడడానికైనా వెళ్లవచ్చునని నా అభిప్రాయం.

పప్పుచారు

తిండి గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడికి కొత్తగా వచ్చిన మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఈ ఒక్క చోటే. జపాన్ వంటలో కంటికి కనిపించే చేప కన్నా కనిపించని చేప ఎక్కువ. దాషి అనే రసం ఈ వంటకు పునాది. కొంబు అనే సముద్రపు నాచును, కత్సువొబుషి అనే ఎండబెట్టి పొగపెట్టిన చేప పొరలను నీళ్లలో మరిగించి, ఆ సారాన్ని వడకట్టి తీస్తారు. మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దతో చేసే సూపు, ఉదోన్ అనే లావు నూడిల్స్ పులుసు, సోబా అనే సన్న నూడిల్స్ నంజుకునే రసం, ఉడికించిన కూరగాయలు, అన్నీ దాని మీదే నడుస్తాయి. పైన వేయించిన తోఫు (సోయా పాల జున్ను) తప్ప మరేమీ కనిపించని కిత్సునె ఉదోన్‌లో కూడా పులుసు చేపదే. అందుచేత కడాయిలో ఏముందో చూసి ఎంచుకోవడం ఇక్కడ పనికిరాదు, అడిగి తెలుసుకోవాలి.

ఇక మంచి కబురు. మీరు వెళ్తున్న రెండు ఊళ్లూ జపాన్‌లో శాకాహారానికి పుట్టిళ్లు. బౌద్ధ మఠాల్లో పుట్టిన షోజిన్ ర్యోరి అనే భోజనంలో మాంసం, చేప, గుడ్డు ఉండవు. దాషిని కూడా కొంబు, ఎండు షియిటాకె పుట్టగొడుగులతోనే తీస్తారు. ఉల్లి, వెల్లుల్లి సైతం నిషిద్ధం కాబట్టి కార్తీక మాసంలో అవి మానేసే ఇళ్లవారికి ఈ నియమం కొత్తగా అనిపించదు. క్యోటో నీరు మెత్తనిది కావడంతో తోఫు అక్కడ ఎంతో మృదువుగా వస్తుంది. సోయా పాలను నిదానంగా కాచినప్పుడు పైన మీగడలా కట్టే పొరను తీసి వడ్డించే యుబా కూడా క్యోటో ప్రత్యేకతే. అంటే మీకు దొరికేది ఏదో ప్రత్యామ్నాయం కాదు, ఆ ఊరి అసలు వంట.

ఊరూరా

పప్పుచారు గారు చెప్పినవన్నీ నిజమే గానీ, రెండు రోజుల ప్రయాణానికి ఇంత పరిశోధన అవసరమా అని నా సందేహం. నేనూ శాకాహారినే. ముక్క కనిపించకపోతే పులుసు గురించి ప్రశ్నించకుండా తినేస్తాను. ప్రతి దుకాణంలోనూ ఆరా తీస్తూ కూర్చుంటే చూడవలసినవి చూడలేం.

పప్పుచారు

ఊరూరా గారూ, మీరు ఎంచుకున్న పద్ధతి మీది, దాన్ని తప్పుపట్టను. కానీ తెలిసి తినడం వేరు, తెలియక తినడం వేరు. పులుసులో చేప ఉందని ఆవిడకు ముందే చెబితే నిర్ణయం ఆవిడ చేతిలో ఉంటుంది.

కృష్ణాతరంగం

చేపతో తీసిన దాషి కూడా నాకు వద్దు. ఇన్నాళ్లూ క్యాంటీన్‌లో ఉదోన్ తినకుండా ఉండడం మంచిదైంది. అయితే షోజిన్ భోజనం ఖరీదెంత ఉంటుంది? జపనీస్ భాష నాకింకా అంతంత మాత్రమే, దుకాణదారును ఎలా అడగాలి?

వేపచెట్టు

మఠాల్లో మధ్యాహ్న భోజనం మూడు వేల యెన్‌ల పైనుంచే మొదలవుతుంది. విద్యార్థికి ఇది ఎక్కువే. ఒక్క పూట మాత్రం దానికి ఖర్చుపెట్టి, మిగిలిన పూటలు పొదుపుగా గడపండి. అరాషియామాలో తెన్‌ర్యూజి మఠం ఆవరణలోనే షిగెత్సు అనే భోజనశాల ఉంది. 1339లో స్థాపించిన మఠం అది. భోజనం ధరతో పాటు తోట ప్రవేశ రుసుము విడిగా చెల్లించాలి, కానీ ముసో సొసెకి అనే జెన్ గురువు తీర్చిదిద్దిన ఆ తోటను ఎలాగూ చూడాలి. వెదురుతోపు దాని ఉత్తర ద్వారం దాటగానే మొదలవుతుంది కాబట్టి మీ జాబితాలో రెండు పనులు ఒక్కచోటే తీరతాయి. సెలవు రోజు కాబట్టి ముందుగా చోటు రాయించుకోండి.

అడిగే విషయానికి వస్తే, నోటితో చెప్పడం కన్నా జపనీస్ లిపిలో రాసిన చీటీ చూపించడం మేలు. మీ తరగతిలోని జపాన్ స్నేహితురాలి చేత ఇలా రాయించుకోండి: "మాంసం, చేప, గుడ్డు తినను, చేపతో తీసిన దాషి కూడా తినను, కొంబు దాషి అయితే ఫరవాలేదు." ఆ చివరి మాట ముఖ్యం. ఏది వద్దో మాత్రమే చెబితే దుకాణదారు కంగారుపడతారు, ఏది కుదురుతుందో కూడా చెబితే ఆయనకు దారి దొరుకుతుంది.

నగోయా_నివాసి

యుదోఫు గురించి ఒక జాగ్రత్త. కుండలో తోఫు ఉడికే నీళ్లలో కొంబు మాత్రమే ఉంటుంది, కానీ పక్కన నంజుకోవడానికి ఇచ్చే సోయా రసంలో చాలాచోట్ల కత్సువో దాషి కలుపుతారు. ఆ రసం బదులు ఉత్తి సోయాసాస్ ఇమ్మని అడగండి, కాదనరు.

శిల్పరేఖ

జాబితాలో లేని ఒక చోటు చెప్పకుండా ఉండలేను. క్యోటో స్టేషనుకు దగ్గర్లోనే సంజూసన్‌గెన్‌దో ఉంది. 1164లో కట్టి, 1249లో కాలిపోతే 1266లో తిరిగి నిర్మించిన మందిరం. పొడవు 120 మీటర్లు. లోపల మధ్యలో పెద్ద కన్నోన్, దానికి అటు అయిదువందలు, ఇటు అయిదువందలు నిలువెత్తు కన్నోన్ విగ్రహాలు, మొత్తం వెయ్యిన్నొక్కటి. కన్నోన్ అంటే మన అవలోకితేశ్వరుడే. వాటి ముందు కాపలాగా 28 మంది దేవతలు నిలబడి ఉంటారు. అందులో బ్రహ్మ బొంతెన్‌గా, ఇంద్రుడు తైషకుతెన్‌గా, గరుత్మంతుడు కరురాగా కనిపిస్తారు. కరురా రెక్కలు విప్పి, వేణువు ఊదుతూ ఉంటాడు. మన శిల్పాల్లో విష్ణువును మోసే గరుడుణ్ని చూసి పెరిగిన కళ్లకు ఆ వేణుగానం చూస్తే ఎంతసేపైనా కదలాలనిపించదు. లోపల ఫొటోలు తీయనివ్వరు, అందువల్లనే జనం నిజంగా విగ్రహాలను చూస్తారు.

నవంబరు 16 నుంచి సాయంత్రం నాలుగింటికే మూసేస్తారు, లోపలికి మూడున్నర వరకే అనుమతి. ఈ సంగతి మరువకండి.

ఒసాకా_బాటసారి

మరి కింకకుజి? క్యోటో అనగానే ప్రపంచమంతటికీ గుర్తొచ్చే బంగారు మండపాన్ని వదిలేసి, ఎవరూ చెప్పని చోట్లకు పంపిస్తున్నారు.

శిల్పరేఖ

వదిలేయమని చెప్పడానికి కారణం ఉంది. ఇప్పుడున్న బంగారు మండపం 1955లో కట్టినది. పాతదాన్ని 1950లో అక్కడి యువ సన్యాసి ఒకడు తగలబెట్టాడు. అందం అందమే, దాన్ని తక్కువ చేయను. కానీ అది ఊరికి వాయవ్య మూలన ఉంది, పక్కన రైలు స్టేషను లేదు, ఆకుల వేళలో ఆ బస్సుల్లో కాలు పెట్టడానికి చోటుండదు. అక్కడ చెరువు అవతలి నుంచి చూసి కదిలిపోవాలి, లోపలికి వెళ్లనివ్వరు. రెండు రోజులే ఉన్నప్పుడు అటు వెళ్లివచ్చే సమయానికి సంజూసన్‌గెన్‌దో, ఇనారి కొండ రెండూ పూర్తవుతాయి.

ఊరూరా

ఇందులో నేను ఒసాకా_బాటసారి గారి వైపే. మొదటిసారి వెళ్లినవారికి కింకకుజి చూడాలని ఉంటుంది. నీటిలో దాని నీడ పడిన దృశ్యం కోసం బస్సులో నిలబడడానికి నేను ఇప్పటికీ సిద్ధమే.

వేపచెట్టు

ఏడాది పాటు నగోయాలో ఉండే అమ్మాయికి కింకకుజి మంచు కురిసిన జనవరిలో ఇంకా బాగుంటుంది, అప్పుడు వెళ్లవచ్చు. ఈసారికి ఒకే రైలు దారి మీద ఉన్న చోట్లు ఎంచుకోండి. నా లెక్క ఇది. శనివారం ఉదయం క్యోటో స్టేషను నుంచి రైల్లో పావుగంట ప్రయాణించి సాగా అరాషియామాలో దిగండి. వెదురుతోపు, తోట, మఠంలో భోజనం. రెండు గంటలకల్లా సంజూసన్‌గెన్‌దో. అక్కడి నుంచి కెయిహాన్ రైల్లో ఫుషిమి ఇనారి. ఆ కొండకు తలుపులు లేవు, రుసుము లేదు, రాత్రయినా ఎక్కవచ్చు. చీకటి పడ్డాక జపాన్ రైల్వే వారి ఇనారి స్టేషనులో ఎక్కితే అదే లైను నారాకు చేరుస్తుంది. ఆ స్టేషనులో లోకల్ బళ్లే ఆగుతాయి కాబట్టి మధ్యలో వచ్చే ఉజి అనే ఊళ్లో మారవలసి రావచ్చు. రాత్రి నారాలో పడుకుని, ఆదివారం పొద్దున్నే పెద్ద బుద్ధుడున్న తోదాయ్‌జి చూసి, మధ్యాహ్నం తిరుగు దారిలో ఉజిలో దిగండి. వచ్చిన దారిలో మళ్లీ మళ్లీ తిరిగే పని ఉండదు.

బౌద్ధపథం

వేపచెట్టు గారి ప్రణాళిక బాగుంది. తోదాయ్‌జి నవంబరులో ఉదయం ఎనిమిదింటికే తెరుస్తారు. ఆ గంటలో వెళితే విహారయాత్రల బస్సులు ఇంకా వచ్చి ఉండవు.

పెద్ద బుద్ధుణ్ని చూసేటప్పుడు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. 752లో ఆ విగ్రహానికి కళ్లు దిద్దే ఉత్సవం జరిగినప్పుడు కుంచె పట్టుకుని ఆ పని చేసినవాడు 736లో జపాన్ చేరిన భారతీయ భిక్షువు బోధిసేనుడు. ఆ కుంచెకు కట్టిన పొడవాటి దారాలను చక్రవర్తి కుటుంబం, అక్కడ చేరిన భక్తులు పట్టుకున్నారు. కళ్లు దిద్దే పుణ్యంలో అందరికీ భాగం దక్కాలని అలా చేశారు. విగ్రహం ఎత్తు దాదాపు 15 మీటర్లు. యుద్ధాల్లో, భూకంపాల్లో దెబ్బతిని చాలాసార్లు మళ్లీ పోత పోశారు కాబట్టి అన్ని భాగాలూ ఆనాటివి కావు. పైనున్న కొయ్య మందిరం 1709 నాటిది, మొదటిదాని కన్నా వెడల్పు తగ్గించి కట్టారు. అయినా దాని ముందు నిలబడితే మాట రాదు.

మన నాగార్జునుణ్ని జపాన్ బౌద్ధులు ర్యూజు పేరుతో ఎనిమిది సంప్రదాయాలకు మూలగురువుగా కొలుస్తారు. కృష్ణాతరంగం అని పేరు పెట్టుకున్నవారికి ఈ మాట చెప్పకుండా ఎలా ఉంటాను?

తోదాయ్‌జి వెనుక మెట్లెక్కి నిగత్సుదో మందిరానికి కూడా వెళ్లండి. నారా ఊరంతా కనిపిస్తుంది, రుసుము లేదు.

పప్పుచారు

నారాలో పొద్దున్న చగాయు దొరికే చోట దిగండి. వేయించిన తేయాకు డికాక్షన్‌లో బియ్యం వండి చేసే జావ అది, మఠాల నుంచి ఇళ్లకు వచ్చిన వంట. పక్కన ఊరగాయలు పెడతారు. నారా ప్రత్యేకమైన నారాజుకెను సాకె మద్యం తీశాక మిగిలిన పిప్పిలో ఊరబెడతారు కాబట్టి అందులో మద్యం వాసన ఉంటుంది, అది పట్టింపు అయితే ముందే అడగండి. యోషినో కొండల కుద్జు దుంప పిండితో చేసే మిఠాయిలు, క్యోటోలో దాల్చినచెక్క పరిమళంతో ఉండే నామా యత్సుహాషి నిశ్చింతగా తినవచ్చు. దొరయాకి, కస్తెల్లా అనే కేకుల్లో మాత్రం గుడ్డు ఉంటుంది.

జింకలకు మాత్రమే అక్కడ ఆహారం గురించి ఎవరినీ అడగవలసిన పని లేదు. వాటి కోసం అమ్మే బిస్కెట్లలో బియ్యపు తవుడు, పిండి తప్ప మరేమీ కలపరు.

నగోయా_నివాసి

ఆ బిస్కెట్లు చేతిలో పట్టుకుని ఆలోచిస్తూ నిలబడకండి. జింకలు కొంగు, సంచి, కాగితాలు ఏది దొరికితే అది లాగుతాయి. మీ జపనీస్ చీటీ లోపలి జేబులో పెట్టుకోవడం క్షేమం.

కృష్ణాతరంగం

నిన్న రాత్రి తిరిగి వచ్చాను. వేపచెట్టు గారి ప్రణాళికనే పాటించాను, కింకకుజిని జనవరికి వాయిదా వేశాను.

తెన్‌ర్యూజిలో ఎర్రని పళ్లెంలో చిన్న చిన్న గిన్నెలు వరసగా పెట్టి తెచ్చారు. నువ్వులను నూరి కుద్జు పిండితో గట్టిపరిచే గోమా దోఫు నాకు అన్నిటికన్నా నచ్చింది. పేరులో దోఫు ఉన్నా అందులో సోయా లేదని వడ్డించినావిడ చెప్పారు. నువ్వుల రుచి ఇంత నిదానంగా, కారం తీపి ఏదీ లేకుండా ఉంటుందని ఎప్పుడూ ఊహించలేదు. మిసో పూసి కాల్చిన వంకాయ, కొంబు పులుసు, అన్నం, ఊదా రంగు షిబాజుకె ఊరగాయ, అన్నీ పూర్తిగా తిన్నాను. అడగవలసిన అవసరం లేకుండా, పళ్లెంలో పెట్టిన ప్రతిదీ తినగలగడం ఈ దేశానికి వచ్చాక అదే మొదటిసారి.

సంజూసన్‌గెన్‌దోలో కరురా దగ్గర చాలాసేపు నిలబడ్డాను. శిల్పరేఖ గారికి కృతజ్ఞతలు. ఇనారి కొండ మీద ఎర్రని తోరణాలకు ముందువైపు ఏమీ రాసి ఉండదు. దిగుతూ చూస్తే ప్రతి స్తంభం వెనుకా దానం చేసిన వారి పేరు, తేదీ చెక్కి ఉన్నాయి. సగం దారి దాటాక జనం పలచబడ్డారు, దీపాల మధ్య ఒంటరిగా నడవడం భయం వేయలేదు.

రాత్రి నారాలో ఒక చిన్న నూడిల్స్ దుకాణంలో చీటీ చూపించాను. ఆ పెద్దాయన చదివి, లోపలికి వెళ్లి వచ్చి, తన దగ్గర పులుసంతా చేపదేనని, అన్నం, ఊరగాయ, చల్లని తోఫు అయితే పెట్టగలనని చెప్పారు. అదే తిన్నాను. తోఫు మీద అలవాటుగా చల్లే చేప పొరలు వేయకుండా, అల్లం తురుము వేసి ఇచ్చారు.

ఊరూరా

ఆ పెద్దాయన లోపలికి వెళ్లి చూసి వచ్చి చెప్పారన్న మాట చదివాక, అడగడం వృథా అన్న నా అభిప్రాయం కొంత మారింది. ఉజి ఎలా ఉంది?

కృష్ణాతరంగం

ఉజిలో సమయం తక్కువైంది. బ్యోదోఇన్ చూశాను. 1053లో కట్టిన ఫీనిక్సు మందిరం అది, పది యెన్‌ల నాణెం మీద ఉన్న బొమ్మ. లోపలికి విడిగా టికెట్టు ఉంటుంది, నేను వెళ్లేసరికి ఆ రోజువి అయిపోయాయి. చెరువుకు ఇవతల నుంచే చూసి, వంతెన పక్కనున్న త్సూఎన్ దుకాణంలో మాచ్చా అనే పచ్చ తేయాకు పొడి తేనీరు తాగాను. 1160 నుంచి నడుస్తున్న దుకాణమట. నురగతో, చేదుగా, చక్కెర లేకుండా ఉంటుంది, పక్కన ఇచ్చిన తీపి ముక్కను ముందు తిని ఆ తర్వాత తాగాలి. పాలు పోసి మరిగించిన చాయ్ అలవాటైన నాకు రెండో గుక్క నుంచి నచ్చింది.

సెలవుల్లో మళ్లీ ఇలాంటి రెండు రోజులు దొరికితే ఎటు వెళ్లమంటారు? మఠంలో బస చేసి అక్కడి భోజనం చేసే వీలున్న చోటు కావాలి.

బౌద్ధపథం

కోయసాన్. 816లో కూకాయ్ అనే బౌద్ధ గురువు మఠం స్థాపించిన కొండ, సముద్రమట్టానికి 800 మీటర్ల ఎత్తు. యాభై మఠాలకు పైగా యాత్రికులకు బస ఇస్తాయి, రాత్రి, ఉదయం షోజిన్ భోజనమే పెడతారు. ఒసాకా నంబా నుంచి నంకాయ్ రైలు, ఆ తర్వాత కేబుల్ కార్. ఆరింటికే ప్రార్థన మొదలవుతుంది, మీరూ కూర్చోవచ్చు. చలికాలంలో మంచు గట్టిగా పడుతుంది కాబట్టి గదిలో హీటరు ఉందో లేదో అడిగి రాయించుకోండి.

ఒసాకా_బాటసారి

నంబాలోనే రైలు ఎక్కాలి కాబట్టి దోతొన్‌బోరి దీపాలు దారిలోనే ఉన్నాయి. స్టేషను నుంచి నడిచి వెళ్లి చూడండి.

పప్పుచారు

అక్కడి కోయా దోఫు తప్పక తినండి. చలికి గడ్డకట్టించి ఆరబెట్టిన తోఫు అది, కొండ పేరే దానికి పెట్టారు. ఎండుది పొట్లాలుగా కూడా అమ్ముతారు, హాస్టల్లో పప్పుచారులో వేసుకుంటే చారంతా పీల్చుకుంటుంది.